అత్తయ్య మోకాలు, 21 అంగుళాల గడప: సైడ్ స్టెప్పులతో ఎనిమిది నెలలు

నేల నుంచి మా కారు వెనక తలుపు గడప దాకా 21 అంగుళాలు. సీటు అంచు దాకా 31 అంగుళాలు. మా ఇంటి వాకిట్లో మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు. మూడింటినీ కుట్టుమిషను టేపుతో నేనే కొలిచాను. హైస్కూల్లో లెక్కల టీచర్ని కాబట్టి, ఇంట్లో ఏ వాదన వచ్చినా ముందు కొలతలు కాగితం మీద పెడితే గానీ నాకు మనసు కుదుటపడదు. కారుకు సైడ్ స్టెప్పులు, అంటే తలుపుల కింద బిగించే కాలి మెట్లు, పెట్టించాలా వద్దా అన్న వాదన మా ఇంట్లో నాలుగు నెలలు నడిచింది. పెట్టించి ఎనిమిది నెలలైంది. ఒక వేసవి, ఒక వానాకాలం చూశాం కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

కారు పేరుతో ఇక్కడ పని లేదు. ఏడుగురు పట్టే ఎత్తైన ఎస్‌యూవీ. ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన రకం. స్కార్పియో, థార్, ఫార్చ్యూనర్ అన్నీ ఈ తయారీ బండ్లే. మా వారికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. మేత బస్తాలు వేసుకుని గట్ల మీద తిరగాలంటే ఎత్తు బండే కావాలి, అందులో నాకు పేచీ లేదు. అయితే వారమంతా గుంటల దగ్గర తిరిగిన ఆ బండే ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోవాలి. ఆ ఇంటిల్లిపాదిలో 72 ఏళ్ళ మా అత్తయ్య ఉన్నారు. రెండేళ్ళ క్రితం ఆవిడకు కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది.

జొన్నవాడ కామాక్షమ్మ గుడికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. దర్శనం తొందరగానే అయింది. పెన్న ఒడ్డున గాలి చల్లగా ఉందని కాసేపు కూర్చున్నాం. తిరిగి కారెక్కేటప్పుడు అత్తయ్య ఎడమ చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో సీటు అంచు పట్టుకుని, కుడికాలు గడప మీద పెట్టారు. ఆ ఒక్క కాలి బలం మీద ఒళ్ళంతా పైకి లేవాలి. లేవలేదు. రెండుసార్లు ముందుకు ఊగి వెనక్కి వచ్చేశారు. మూడోసారి నేను వెనక నుంచి నడుము పట్టుకుని ఎత్తాను. సీట్లో కూర్చున్నాక ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగాక మాత్రం, "ఈసారి నుంచి మీరు వెళ్ళి రండమ్మా, నేను ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటాను" అన్నారు. ఆ మాట విన్న రాత్రే టేపు తీశాను.

మా వారు మొదట ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. బండి రెండు చక్రాల మధ్య, తలుపుల కింద, ఇంకో వస్తువు వేలాడితే గట్టు ఎక్కి దిగేటప్పుడు అదే ముందు నేలకు తగులుతుంది. కంపెనీ వాళ్ళు చెప్పే గ్రౌండ్ క్లియరెన్సు బండి కింద అన్నిటికంటే దిగువన ఉన్న భాగం నుంచి కొలిచేది. అది చాలా బండ్లలో వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. "స్టెప్పు దానికంటే పైనే ఉంటుంది, క్లియరెన్సు తగ్గదు" అని దుకాణాల్లో చెప్పేది అందుకే. కాగితం మీద ఆ మాట తప్పు కాదు. గట్టు మీద మాత్రం నిలబడదు. ట్రాక్టర్లు తిరిగిన దారిలో చక్రాలు గాడిలో దిగి, పక్క మట్టి కుప్పగా లేచి ఉంటుంది. అప్పుడు తగిలేది ఇరుసు కాదు, పక్కన వేలాడే మెట్టు. కాలవ మీది చిన్న కల్వర్టు ఎక్కి దిగేటప్పుడూ అంతే, బండి నడిమి భాగమే నేలకు దగ్గరవుతుంది.

అందుకని మొదట పీటతో సరిపెట్టుకుందాం అనుకున్నాం. ఎనిమిది అంగుళాల ఎత్తున్న ప్లాస్టిక్ పీట ఒకటి 300 రూపాయలకు కొని డిక్కీలో పెట్టాం. ఖర్చు లేదు, బండికి మార్పు లేదు. చదునైన సిమెంటు నేల మీద ఆ పీట నిజంగా బాగా పనిచేస్తుంది. ఇంటి ముందు నుంచే ఎక్కి, ఆసుపత్రి పోర్టికోలోనే దిగే పెద్దవాళ్ళుంటే ఇంతకంటే ఇంకేమీ అక్కర్లేదని ఇప్పటికీ అంటాను. మా ఇబ్బంది వేరు. గుంటల దగ్గర ఇసుక మట్టిలో పీట కాళ్ళు ఒకవైపు దిగబడేవి. దిగేటప్పుడు ముందు ఇంకొకరు దిగి, డిక్కీ తెరిచి, పీట తెచ్చి వేయాలి. వెనక బండి హారన్ కొడుతుంటే ఆ అరనిమిషం అత్తయ్యకు కంగారు పుట్టేది. కంగారులో ఆవిడ చూపు పీట మీద కాకుండా వెనక బండి మీద ఉండేది. మూడు నెలల తర్వాత పీటను ఒక పెళ్ళి మండపం ముందు మరిచిపోయి వచ్చాం. మళ్ళీ కొనలేదు.

ఇక మెట్లలో రకాలు. గొట్టం రకం ఎలా ఉంటుందో మా ఆడపడుచు వాళ్ళ బండిలో చూశాను. వాళ్ళది ఒంగోలు. మూడు అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం బండి పొడవునా తళతళలాడుతూ ఉంటుంది. తలుపుల దగ్గర మాత్రం చిన్న ప్లాస్టిక్ పట్టీలు. చూడటానికి దర్జాగా ఉంటుందన్నది నిజం. వైశాఖంలో అందరం కలిసి పెంచలకోన వెళ్ళాం. గుడి కాబట్టి చెప్పులు కారులోనే వదిలేశాం. మధ్యాహ్నం ఒంటిగంటకు తిరిగి వచ్చేసరికి ఆ గొట్టం మీద కాలు మోపలేకపోయాం. నెల్లూరు జిల్లా మే ఎండ సంగతి చెప్పాలా? అత్తయ్య పాదం అలా ఆనించి వెంటనే తీసేశారు. తువ్వాలు తడిపి వేసి ఎక్కించాం. వేడి ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. గుండ్రటి గొట్టం మీద పాదంలో మధ్యభాగం మాత్రమే ఆనుతుంది. మడమ గాలిలో ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళు బొటనవేళ్ళతో బిగబట్టి ఎక్కేస్తారు. మోకాలు సరిగా లేని మనిషికి మడమ ఆనకపోతే ధైర్యం రాదు. ఆవిడ ముఖంలో నేను ఆ సంగతి చూశాను. ఒంగోలు వాళ్ళు ఏమీ అనుకోకపోతే, పెద్దవాళ్ళున్న ఇంటికి ఈ గొట్టాలు పనికిరావన్నది నా అభిప్రాయం.

బటన్ లేకుండా తలుపు తీయగానే బయటికి వచ్చి, మూయగానే లోపలికి పోయే మోటారు మెట్లు కూడా ఉన్నాయి. క్లియరెన్సు సమస్యకు అది మంచి జవాబే. కానీ ఉప్పు బురదలో తిరిగే బండికి కీళ్ళు, మోటారు, వైర్లు తలుపు కింద పెట్టడం నాకు నచ్చలేదు. ధర విన్నాక ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మిగిలింది చదును పలక రకం. ఇక్కడే నా కొలతలు పనికొచ్చాయి. ఆరు అంగుళాల వెడల్పున్న అల్యూమినియం పలక, పైన రబ్బరు గీతలు. బిగిస్తే నేల నుంచి 14 అంగుళాల ఎత్తులో ఉంటుందన్నారు. 21 అంగుళాలను రెండుగా విడగొడితే మొదటిది 14, రెండోది 7. పద్నాలుగు కూడా చిన్న ఎత్తేమీ కాదు, ఇంటి మెట్లు రెండు ఒకేసారి ఎక్కినట్లు. దీనివల్ల ఏం ఒరుగుతుందని మా వారు అడిగారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత సీటు కొలత గుర్తొచ్చింది. సీటు 31 అంగుళాల ఎత్తులో ఉంది. 14 అంగుళాల పలక మీద నిలబడిన మనిషికి ఆ సీటు 17 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మా భోజనాల బల్ల దగ్గరి కుర్చీ కొలిచాను, అదీ దాదాపు అంతే. అంటే పలక మీద నిలబడగలిగితే చాలు, అక్కడి నుంచి సీట్లోకి వెళ్ళడం కుర్చీలో కూర్చోవడమే. కుర్చీలో కూర్చోవడం ఆవిడకు రోజూ అలవాటైన పని.

ఇంకో సంగతి ఫిజియోథెరపీ అతను ఆపరేషన్ తర్వాత నేర్పించినది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. ఇంటి మెట్ల మీద అత్తయ్య అది తు.చ. తప్పకుండా పాటిస్తారు. కారు దగ్గర మాత్రం పాటించడం కుదిరేది కాదు, ఎందుకో నాకు చాలా రోజులు తట్టలేదు. మన బండ్లలో పెద్దవాళ్ళు సాధారణంగా ఎడమవైపు తలుపు నుంచే ఎక్కుతారు, రోడ్డు అంచు అటే కాబట్టి. ఎడమవైపు నుంచి ఎక్కే మనిషి సహజంగా కుడికాలు ముందు లోపల పెడుతుంది. మెట్టు లేనప్పుడు ఆ కుడికాలే 21 అంగుళాల ఎత్తున ఆని ఒళ్ళంతా మోయాలి. అత్తయ్యకు ఆపరేషన్ అయింది సరిగ్గా ఆ కాలికే. పలక ఉంటే ఎడమకాలు పలక మీద పెట్టి, ఆ కాలి బలంతో పైకి లేచి, కుడికాలిని బరువు లేకుండా లోపలికి జరిపి కూర్చోవచ్చు. మీ ఇంట్లో ఆపరేషన్ ఎడమ మోకాలికి అయి ఉంటే కుడివైపు తలుపు దగ్గర ప్రయత్నించి చూడండి, అటు నుంచి అయితే కాళ్ళ క్రమం తిరగబడుతుంది. బండిని రోడ్డు మీద కాకుండా ఇంటి ఆవరణలోకి తెచ్చి నిలిపితేనే ఆ పని చేయాలి.

ఈ లెక్క కాగితం మీద గీసి చూపించాక మా వారు ఇంకేమీ మాట్లాడలేదు. మరుసటి రోజే అడగడానికి బయలుదేరాం.

షోరూములో కంపెనీ పలకలకు జతకు 21 వేలు చెప్పారు. బయట బిగింపుతో కలిపి 11,500కు దొరికాయి. ఆ తేడా ఎందుకో తెలుసుకోవడానికి మూడు దుకాణాలు తిరిగాను. ఒక దుకాణంలో "పక్క నుంచి ఏ బండైనా గుద్దితే ఇది కాపాడుతుందండీ" అన్నారు. ఈ మాట నమ్మి ఎవరూ డబ్బు పెట్టకండి. పక్క నుంచి తగిలే దెబ్బను ఆపేవి తలుపు లోపలి ఉక్కు దూలం, రెండు తలుపుల మధ్య స్తంభం, పక్క ఎయిర్‌బ్యాగులు. కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పక్క నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తారు, స్తంభానికి 29 కిలోమీటర్ల వేగంతో కొట్టించి చూస్తారు. కారు తెచ్చుకునే నక్షత్రాలు ఆ నిర్మాణానివి. నాలుగు బోల్టుల మీద వేలాడే పలకను అందులో లెక్క వేసుకోకూడదు. ముందు బంపరుకు బిగించే ఇనుప గార్డుల విషయంలో కూడా ఇలాగే రక్షణ అని చెప్పి అమ్మేవాళ్ళు. అవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖే రాష్ట్రాలకు రాసింది.

ఇంకో దుకాణంలో స్టెయిన్‌లెస్ స్టీలు రకం చూపిస్తూ అయస్కాంతం తెచ్చి ఆనించారు. "అంటుకోవడం లేదు చూడండి, అసలైన 304" అన్నారు. రొయ్యల గుంటలున్న ఇంట్లో ఈ పరీక్ష చెల్లదు. గుంట నీళ్ళను చిలికే ఏరియేటర్లకు వేసే ఇరుసులు, బోల్టులు ఉప్పునీళ్ళలో ఏమవుతాయో ఏళ్ళ తరబడి చూస్తున్నాం. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక రకం 202లో నికెల్ తగ్గించి, ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. రెండూ అయస్కాంతానికి అంటుకోవు. పైగా వంచి, సాగదీసిన చోట అసలు 304 కూడా కొంచెం అంటుకుంటుంది. తేడా బయటపడేది సముద్రపు గాలిలో. 202 మీద ఏడాది తిరగకుండానే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. మైపాడు దారిలో తిరిగే బండ్లను గమనించండి, తెలిసిపోతుంది. మామూలు ఇనుముకు పౌడర్ కోటింగ్ వేసిన పలకలు ధర తక్కువ, దృఢంగానూ ఉంటాయి. కానీ ఒక రాయి తగిలి పూత లేచిన చోటి నుంచి తుప్పు లోపలికి పాకుతుంది. మేం చివరికి అల్యూమినియం పలక, దాన్ని మోయడానికి జింకు పూత వేసిన ఇనుప బ్రాకెట్లు తీసుకున్నాం.

బిగింపు దగ్గర ఒక్క విషయంలో మాత్రం ఎవరూ మొహమాటపడకూడదు. మేం మొదట వెళ్ళిన చోట కుర్రాడు బండి కింద పడుకుని డ్రిల్లు తెమ్మన్నాడు. ఎందుకని అడిగితే బ్రాకెట్ రంధ్రం ఛాసిస్ రంధ్రానికి కలవడం లేదు, కొత్తది వేస్తానన్నాడు. బండి దించమని చెప్పి వచ్చేశాం. ఛాసిస్‌కు కంపెనీ వదిలిన మరలున్న రంధ్రాలు చాలా బండ్లలో ఉంటాయి. ఆ మోడలుకు సరిగ్గా చేసిన బ్రాకెట్లు వాటిలోనే కూర్చుంటాయి. కొత్త రంధ్రం వేస్తే పూత పోయి తుప్పుకు దారి దొరుకుతుంది, వారంటీ మాట వచ్చినప్పుడు మన నోరు లేవదు. వెల్డింగు మాట ఎత్తితే ఇక వినకండి. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఆ మోడలు బ్రాకెట్లే తెప్పించి, గంటన్నరలో రెండు వైపులా బిగించారు. డ్రిల్లు ముట్టలేదు. అల్యూమినియం, ఇనుము కలిసే ప్రతి చోటా నైలాన్ వాషరు వేశారు. ఉప్పు తేమలో ఈ రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుందని ఆయనే చెప్పారు. ఒకచోట వాషరు చిట్లిపోతే ఆరో నెలలో సరిగ్గా అక్కడే తెల్లపొడి కనిపించింది.

బిగించాక జాకీ తీసి పెట్టి చూడమని ఆయన అన్నారు. మంచి మాట. మా బండికి జాకీ ఛాసిస్ కింద పెడతాం కాబట్టి ఇబ్బంది రాలేదు. క్రెటా, ఎక్స్‌యూవీ 700 లాంటి మోనోకాక్ (ఛాసిస్ విడిగా లేని) బండ్లలో జాకీ పెట్టే చోటు తలుపు గడప కిందే ఉంటుంది. అక్కడ పలక అడ్డొస్తే పంక్చరైన రాత్రి గానీ తెలియదు. సర్వీసుకు ఇచ్చినప్పుడు కూడా, బండిని పైకి లేపే లిఫ్టు చేతులు పలకకు కాకుండా ఛాసిస్‌కే ఆనాలని చెప్పి మరీ ఇవ్వాలి. అన్నట్లు, బిల్లు తీసుకుని బీమా రెన్యువల్ సమయంలో దీన్ని అదనపు సామగ్రిగా చూపించండి.

మొదటి ఆదివారం అత్తయ్యను ఇంటి ముందే నాలుగుసార్లు ఎక్కించి దింపాను. ఎక్కడం రెండోసారికే వచ్చేసింది. దిగడం దగ్గర చిక్కు వచ్చింది. సీట్లో కూర్చుని కిందికి చూస్తే కుచ్చిళ్ళ అడ్డంలో పలక కనిపించదు. కాలు తడుముకోవాలి. ముఖం బయటికి పెట్టి దిగితే ఆరు అంగుళాల పలక మీద మడమ ఆనుతుంది గానీ వేళ్ళు బయటికి వేలాడతాయి. ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. పూర్వం అటక మీద నుంచి నిచ్చెన దిగినట్లు, ముఖం కారు వైపు తిప్పి వెనక్కి దిగడం. ఎడమకాలు పలక మీద, రెండు చేతులూ పట్టు మీద, కుడికాలు నేలకు. ఫిజియోథెరపీ పాఠం కూడా తప్పలేదు. చూస్తున్న నాకు కళ్ళు చెమర్చాయి.

పట్టు అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. కాలికి మెట్టు దొరికాక చేతికి పట్టు లేకపోతే ప్రయోజనం సగమే. మా బండిలో వెనక సీటు వాళ్ళకు తలపైన ఒక పిడి ఉంది. పొట్టిగా ఉండే అత్తయ్యకు నేల మీద నుంచి అది అందదు. తలుపును పట్టుకుంటే అది కదులుతుంది. ముందు సీటు తలగడ కడ్డీలకు గట్టి నవ్వారు పట్టీ ఒకటి ముడి వేసి, చివర ఉంగరంలా కుట్టి వేలాడదీశాను. ఇప్పుడు ఆవిడ ముందు దాన్ని పట్టుకుని పలకెక్కుతారు, తర్వాత పైపిడి అందుకుంటారు. ఖర్చు నలభై రూపాయలు కాలేదు. పలకకు పెట్టిన పదకొండు వేల అయిదు వందలకు ఈ పట్టీ తోడైనప్పుడే న్యాయం జరిగింది.

రాత్రిపూట నల్ల పలక నల్ల టైర్ల మధ్య అసలు కనిపించదు. ఆవిడకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. లారీల వెనక అంటించే పసుపు రేడియం స్టిక్కరును పలక అంచు పొడవునా అంటించాను. వీధి దీపం వెలుగు పడినా గీత కనిపిస్తుంది. ఇది కంపెనీ వాళ్ళే చేసి ఇస్తే ఎంత బాగుండునో అనిపించింది.

మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. ఆ మూడు నెలలూ పలకకు నిజమైన పరీక్ష. రబ్బరు గీతలు తడిసినా జారలేదు, రబ్బరు చెప్పులతో కూడా చూశాను. ముందు టైరు ఎగజిమ్మే బురద చాలా వరకు పలకే ఆపేసింది, తలుపులు మునుపటి కంటే శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆ బురదంతా పలకకూ గడపకూ మధ్య పేరుకుంటుంది. వారానికోసారి గొట్టంతో నీళ్ళు కొట్టి కడగకపోతే గట్టిపడి రాయిలా తయారవుతుంది. అందులోని ఉప్పు ఊరుకోదు. ఇంకో చికాకు బట్టలది. పలక ఎక్కకుండా నేరుగా దిగే మనిషి పిక్క ఆ అంచుకు రాసుకుంటుంది. ఆరడుగుల మా అబ్బాయి ప్యాంట్లన్నిటికీ మోకాలి కింద ఒకే చోట అడ్డంగా మట్టి గీత. నేను బడికి కట్టుకెళ్ళే నేత చీర అంచుకు కూడా రెండుసార్లు అంటింది. ఇప్పుడు బడి రోజుల్లో ఎక్కే ముందు పలక తుడుస్తాను. ఇంట్లో అందరూ పొడుగువాళ్ళు, మోకాళ్ళు బాగున్నవాళ్ళు అయితే పలక పెట్టించుకుని ఈ గీతలు కొని తెచ్చుకోవద్దు. అందం కోసమైతే అసలే వద్దు.

పిల్లల సంగతి గట్టిగా చెప్పాలి. పలక కనిపించగానే వీధిలో పిల్లలు దాని మీద నిలబడి కిటికీ పట్టుకుని "పోనివ్వండి" అంటారు. ఊరేగింపుల్లో, ఎన్నికల ప్రచారంలో పెద్దవాళ్ళే అలా వేలాడుతుంటే వాళ్ళూ చూసి నేర్చుకుంటున్నారు. ఇలా పక్క మెట్టు మీద మనిషిని మోసుకెళ్ళడం, దాని మీద ప్రయాణించడం రెండూ మోటారు వాహనాల చట్టం 1988లోని 123వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. బండి తీసే ముందు రెండు వైపులా చూసుకోవడం మా వారికి ఇప్పుడు అలవాటైంది. మా బళ్ళో పిల్లలకు కూడా ఈ సెక్షన్ గురించి చెప్పాను.

అయిదో నెలలో మా వారి భయమే నిజమైంది. గుంటల దగ్గర కాలవ గట్టు దిగుతుండగా కుడివైపు పలక మట్టికుప్పకు తగిలి, వెనక బ్రాకెట్ వంగింది. బండికి ఏమీ కాలేదు. పలక మాత్రం తలుపు కింద కొంచెం పైకి లేచి, గంటకు అరవై దాటితే గలగలమనడం మొదలుపెట్టింది. బాగు చేయించడానికి ఆటోనగర్‌కే వెళ్ళాం. అక్కడ నిలబడి ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఈ అయిదు నెలల్లో కుడివైపు పలకను ఎవరు వాడారు? మా వారు డ్రైవింగ్ సీటులోకి నేరుగా ఎక్కుతారు. కుడి వెనక తలుపు తీసేది మా అబ్బాయి ఒక్కడే, వాడికి మెట్టు అక్కర్లేదు. గట్టు మీద తగిలే అవకాశమేమో రెండు వైపులా ఉంది. తీసేయమన్నాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, "ఒక్కవైపు పెట్టుకోవచ్చమ్మా, పలక బరువెంత, పది కిలోలు కూడా ఉండదు, బండికి తేడా రాదు" అన్నారు. దుకాణాల్లో జతగా తప్ప అమ్మరు గానీ, మా లాంటి ఇంటికి ఒక్క ఎడమవైపుదే చాలు. మొదటి రోజే ఈ ఆలోచన వచ్చి ఉంటే వేరే ఎవరితోనైనా కలిసి జత కొనుక్కునేవాళ్ళం.

ఎడమవైపు బోల్టులన్నీ అదే రోజు మళ్ళీ బిగించారు. రెండు వదులయ్యాయి. మొదటి వెయ్యి కిలోమీటర్లకోసారి, తర్వాత ప్రతి సర్వీసుకూ బిగించి చూడాలని ఆయన అన్నారు. ఇప్పుడు నేను డైరీలో తేదీ రాసుకుంటున్నాను.

మొన్న పదిహేను రోజుల క్రితం మళ్ళీ జొన్నవాడ వెళ్ళాం. గుడి దగ్గర నేను దిగి అటు వైపు వచ్చేలోపే అత్తయ్య పట్టీ అందుకుని, వెనక్కి తిరిగి, నేల మీద నిలబడి చీర సర్దుకుంటున్నారు. తీసేసిన కుడి పలక మా షెడ్డులో గోడకు ఆనించి ఉంది, బోల్టులు, వాషర్లు కవరులో వేసి దానికే కట్టి పెట్టాను. వెనక బ్రాకెట్ ఒక్కటి వంగింది, పలక బాగుంది. మా వీధి చివర ఒకరికి ఇదే మోడలు ఉంది, వాళ్ళమ్మగారికి వచ్చే నెల ఎడమ మోకాలి ఆపరేషన్ అట. వాళ్ళు ఆవిడను ఇంటి ఆవరణలోనే కుడివైపు నుంచి ఎక్కిస్తారేమో, వెళ్ళి అడిగి వస్తాను.